వదిన కొలత

కొలత తప్పు కాదు. ఆ సంగతి మొదటే చెప్పేస్తే నాకో బరువు తగ్గుతుంది. తర్వాత ఇంకో ఇద్దరు అదే పదార్థాన్ని కొలిచారు, వాళ్ళకీ నాకొచ్చిందే వచ్చింది. కాబట్టి నా పనిని ఎవరైనా వేలెత్తి చూపిస్తే నేను ఊరుకోను. ఆ పని చేసేటప్పుడు నా మనసు ఎలా ఉందన్నదే గొడవంతా.

ఆ ఎండాకాలం మా ఇంట్లో ముగ్గురం ఉండేవాళ్ళం. నేను, మా ఆయన, మా మరిది. మా ఆయనకి కళ్ళజోళ్ళ షాపు. అమ్మానాన్నా పోయాక తమ్ముణ్ణి ఆయనే పెంచాడు, అందుకని వాడు ఆయనకి తమ్ముడూ కొడుకూ రెండూను. చిన్నప్పుడు చంటి అని పిలిచేవాళ్ళు, అదే ఉండిపోయింది. మా ఆయన వీధి చివర నుంచి ఒరేయ్ చంటీ అని కేకేస్తే ఏ పసివాడు పరిగెత్తుకొస్తాడా అని జనం చూసేవాళ్ళు, ఆరడుగుల మనిషి గడ్డం గోక్కుంటూ వచ్చేవాడు.

వాడు కెమిస్టు. నేను పనిచేసే ల్యాబులోనే టెంపరరీగా చేరాడు. చేర్పించింది నేనే. పెద్దసారు ముందు నిలబడి, మా మరిదండీ, కాస్త తొందర మనిషే గానీ బుర్ర ఉన్నవాడు, అని చెప్పి మరీ చేర్పించాను.

మా ల్యాబులో చేసేది లిక్విడ్ క్రిస్టల్స్. ఫోను తెరల్లో, టీవీ తెరల్లో ఉండేది ఆ పదార్థమే. చూడ్డానికి పలచటి పాలలా ఉంటుంది, నీళ్ళలాగే కారుతుంది, కానీ లోపల అణువులన్నీ ఒకే దిక్కుకి తిరిగి పడుకుని ఉంటాయి. దాన్ని రెండు అద్దప్పలకల మధ్య, వెంట్రుక మందంలో పదో వంతు ఉండే జాగాలోకి ఎక్కిస్తాం. ఆ పలకల జతని సెల్ అంటాం. కరెంటు పెడితే అణువులు లేచి నిలబడతాయి, తీసేస్తే మళ్ళీ పడుకుంటాయి. ఎంత వోల్టేజికి లొంగి లేచాయో చూస్తే వాటి పట్టు తెలుస్తుంది. బళ్ళో దాన్ని స్థితిస్థాపకత అని నేర్పారు, ఆ మాటకి నాకు ఇప్పటికీ నోరు తిరగదు. తిరిగి పడుకోవడానికి ఎంతసేపు పట్టిందో చూస్తే జిగట తెలుస్తుంది. జిగట తక్కువైతే తెర మీద బొమ్మ చురుగ్గా మారుతుంది. పట్టు ఎంత, జిగట ఎంత, ఈ రెండూ తేల్చడమే నా ఉద్యోగం.

కొలిచేవాళ్ళకి ఒక కట్టుబాటు ఉంది. కెమిస్టు తన కొత్త పదార్థాన్ని ముందు తనే కొలుచుకుని ఆ అంకె పెద్దసారుకి చెప్తాడు. పెద్దసారు అందులోంచి కొంచెం చిన్న సీసాలో పోయించి, దాని మీద ఒట్టి నంబరు వేసి, మాకు పంపిస్తాడు. చేసిందెవరో మాకు తెలియకూడదు. తెలిసిపోయిందా, అది అయినవాడిదైనా కానివాడిదైనా సరే, అక్కడికి ఆపేసి పక్క బల్లకి ఇచ్చెయ్యాలి. ఇలా ఉండాలని పెద్దసారు వెంటపడి ఈ కట్టుబాటు పెట్టించింది నేనూ, నా పక్క బల్లావిడానూ. ఇది గుర్తు పెట్టుకోండి, తర్వాత నన్ను తిట్టుకోవడానికి పనికొస్తుంది.

ఎండలు ముదిరిన ఒక ఆదివారం, షాపుకి అద్దాలు సప్లై చేసే ఆయన భార్యతో కలిసి మా ఇంటికి భోజనానికి వచ్చాడు. చంటి మంచి ఊపు మీదున్నాడు. వాడి కొత్త క్రిస్టల్ జిగట, మా ల్యాబులో ఉన్న వాటన్నిటికంటే చాలా తక్కువ వచ్చింది. వాడే కొలుచుకున్నాడు, పెద్దసారుకి చెప్పేశాడు కూడా. ఎండాకాలం చివర జరిగే మీటింగులో టెంపరరీ వాళ్ళలో ఒక్కరిని పర్మినెంటు చేస్తారు. కొలిచేవాళ్ళ అంకె కూడా వాడి అంకెతో కలిసిందంటే ఆ ఉద్యోగం వాడిదే.

ఇంకో విశేషం, ఆ క్రిస్టల్ డెబ్బై మూడు డిగ్రీల దాకా వేడికి చెక్కుచెదరదట. మామూలువి అరవై దాటేసరికే లోపలి వరసంతా చెదిరిపోయి తేటనీళ్ళయిపోతాయి. డెబ్బై మూడండీ, ఇంతవరకూ మా దగ్గర ఎవరి దానికీ రాలేదండీ అని అద్దాలాయనకి చెప్పాడు. ఆయనకి అర్థం కాలేదని ఆవిడకి చెప్పాడు. నేను కూర వడ్డిస్తుంటే నాకూ చెప్పాడు. తినరా బాబూ, చల్లారిపోతోంది, అన్నాను.

ఆవిడ పాపం మర్యాదకి అడిగింది, ల్యాబులో మీ వదినా నువ్వూ ఒకటే పని చేస్తారా అని.

"లేదండీ. పుట్టించేది నేను, తూకం వేసేది వదిన."

అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా మా ఆయన నవ్వాడు.

మాకు పిల్లల్లేరు. లేరన్న సంగతిని మేమిద్దరం మాట్లాడుకోవడం కూడా మానేసి చాలా కాలమైంది. ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. వాడు ఆ ఉద్దేశంతో అనలేదని నాకు ఆ నిమిషంలోనే తెలుసు. వాడి నోటికి అదుపు లేదు గానీ మనసులో విషం లేదు. తెలిస్తే మాత్రం ఏం లాభం, ముల్లు కావాలని గుచ్చలేదులే అనుకుంటే నొప్పి తగ్గుతుందా. నేనూ నవ్వాను. నవ్వి, వాడి కంచంలో ఇంకో గరిటె కూర వేశాను.

వాళ్ళు వెళ్ళాక గిన్నెలు సర్దుతూ మా ఆయనతో అన్నాను, వాడు అన్నది మీకు బాగుందా అని. ఏమన్నాడు అని అడిగాడు. ఆయనకి గుర్తే లేదు. గుర్తు చేస్తే, చిన్నపిల్లాడు, వాడి మాటలకేంటి అన్నాడు. ముప్ఫై ఏళ్ళ చిన్నపిల్లాడు. నా కోపం నోటితో పోయే రకమైతే ఈ కథే ఉండేది కాదు, కడుపులో పెట్టుకునే రకం నాది.

ఆ తర్వాత వారం మా ఆయన మమ్మల్ని ఒక మేడ మీద ఇల్లు చూడ్డానికి తీసుకెళ్ళాడు. చంటికి పర్మినెంటు కాగానే ముగ్గురం అక్కడికి మారాలని ఆయన ఆశ. గోడలు తట్టి చూశాడు, కుళాయిలు తిప్పి చూశాడు, గాలి బాగా వచ్చే గది చంటిగాడిది అన్నాడు. వంటగది ఎలా ఉందో చూడవోయ్ అని నాతో అన్నాడు. చూశాను. వంటగది బాగానే ఉంది. గాలి వచ్చే గదిలో చంటి చేతులు చాపి, ఈ గోడ నుంచి ఆ గోడకి ఎంత దూరమో చూసుకుంటుంటే మా ఆయన గుమ్మంలో నిలబడి మురిసిపోతున్నాడు.

సీసాలు వచ్చింది ఆ మర్నాడే.

ల్యాబులో మా గదిలో ఎండ తగలదు. కిటికీలకి నల్ల తెరలు, ఏసీ ఆగకుండా తిరుగుతూ ఉంటుంది. నేను ఎప్పట్లాగే ఖాళీ సెల్‌తో మొదలుపెట్టాను. క్రిస్టల్ ఎక్కించకముందే పలకల మధ్య జాగా ఎంతుందో చూసుకోవాలి. లోపలికి వెలుగు పంపి, తిరిగొచ్చే వెలుగులో పడే అలల్ని బట్టి మందం లెక్క కడతాం. ఓపిక కావాల్సిన పని. కొత్తవాళ్ళు సాధారణంగా ఎగ్గొట్టేది ఇదే, డబ్బా మూత మీద మందం రాసే ఉంటుంది కదా అని. కెమిస్టులూ మేమూ సెల్స్ తీసుకునేది ఒకే డబ్బాలోంచి. ఈసారి డబ్బా మీద ఎనిమిది మైక్రాన్లని ఉంది. నాకు ఆరు చిల్లర వచ్చింది. ఇంకో సెల్ తీశాను, అదీ అంతే. జిగురు ఆరేటప్పుడు పైన బరువు ఎక్కువ పెట్టినట్టున్నారు, డబ్బాలో సెల్స్ అన్నీ పలచబడి ఉన్నాయి.

ఇందులో ఉన్న తిరకాసు చెప్తాను, కష్టమేం కాదు. అణువులు ఎంత వోల్టేజికి లొంగుతాయన్నదానికి సెల్ మందంతో సంబంధం లేదు. మందం తప్పు వేసుకున్నా పట్టు సరిగ్గానే వస్తుంది. పట్టు లెక్క కుదిరింది కదా అని ధైర్యం వచ్చేస్తుంది. జిగట దగ్గర మాత్రం మందాన్ని మందంతోనే గుణించి, వచ్చినదానితో భాగించి లెక్క వెయ్యాలి. పలచటి సెల్‌లో అణువులు ఎలాగూ త్వరగా పడుకుంటాయి. అది చూసి, సెల్ ఎనిమిదే అనుకుంటే, ఆహా ఎంత చురుకైన పదార్థం అనిపిస్తుంది. చురుకు పదార్థానిది కాదు, సెల్‌ది.

ఈ డబ్బా నమ్ముకుని ఏ అమాయకుడు కొలుచుకున్నాడో అనుకున్నాను. అనుకుంటూనే క్రిస్టల్ ఎక్కించి, సెల్‌ని వేడి బల్ల మీద పెట్టి, మైక్రోస్కోపులో చూస్తూ వేడి పెంచాను. అరవై దాటింది, రంగులు అలాగే ఉన్నాయి. డెబ్బై దాటింది. డెబ్బై మూడు దగ్గర ఒక మూల నుంచి నలుపు పాకింది, చూస్తుండగానే రంగులన్నీ పోయాయి. మా మైక్రోస్కోపులో అలా నల్లబడిందంటే పదార్థం తేటపడిపోయిందని అర్థం.

నేను కూర వడ్డిస్తుంటే చెప్పిన అంకె అది. ఎవరి దానికీ రాలేదని చెప్పిన అంకె.

అప్పుడు చెయ్యాల్సింది నాకు తెలుసు. వేడి ఆపి, సీసాకి మూత పెట్టి, రెండడుగులు వేసి పక్క బల్లావిడతో, ఇది నేను పోల్చుకున్నాను, నువ్వు చూడు అనాలి. ఆవిడ తల కూడా ఎత్తకుండా తీసుకునేది. ఆవిడా మూత మీద అంకె నమ్మకుండా మందం కొలుచుకునే మనిషే, ఆవిడకీ ఇదే అంకె వచ్చేది. ఆ సంగతి తల్చుకునే ఇన్నాళ్ళూ నన్ను నేను సమర్థించుకుంటూ వస్తున్నాను. కానీ నేను లేవలేదు. కుర్చీ ముందుకి జరుపుకుని, వేడి తగ్గించి, కొలవడం మొదలుపెట్టాను. వాడి క్రిస్టల్‌ని నేనే తూకం వెయ్యాలనిపించింది.

జాగ్రత్తగా కొలిచాను. ఎన్నడూ లేనంత జాగ్రత్తగా. పట్టు ఇంట్లో వాడు చెప్పినట్టే వచ్చింది. జిగట మామూలుగా వచ్చింది, మా అలమారలో ఉన్న మిగతా సీసాల్లాగే. మళ్ళీ కొలిచాను, మళ్ళీ అంతే. ఆ అంకె చూసినప్పుడు నాకు సంతోషం వేసింది. ఎంత దాచినా దాగదు కాబట్టి చెప్తున్నాను, వేసవిలో చన్నీళ్ళు తాగినట్టు హాయిగా అనిపించింది.

మీటింగుకి ఇంకా టైముంది. ఇంట్లో ఒక్క ముక్క చెప్పి ఉంటే చాలు, ఒరేయ్ చంటీ, ఆ డబ్బాలో సెల్స్ ఒకసారి చూసుకో, అని. వాడు పెద్దసారు దగ్గరికి పరిగెత్తి, నా లెక్క తప్పండీ అని ముందే తన నోటితో చెప్పుకునేవాడు. అలా చెప్పుకున్నవాణ్ణి పెద్దసారు ఎప్పుడూ తీసిపారెయ్యలేదు. పైగా ఆ వేడికి తట్టుకునే గుణం నిజం. అదొక్కటి పట్టుకున్నా ఉద్యోగం వచ్చేదేమో. ఇవన్నీ నాకు అప్పుడు తెలియవా అంటే, తెలుసు.

వంటింట్లో కుళాయి కారుతోందని నేను ఎప్పటి నుంచో గొణుగుతున్నాను. ఆ శనివారం చంటి రెంచి పట్టుకుని సింకు కిందకి దూరాడు. కాళ్ళు రెండూ బయటికి, తల లోపల. నేను కూరలు తరుగుతున్నాను. కొత్తింట్లో కుళాయిలు బాగున్నాయి గానీ, పోయేలోపు నీకు దీని గోల ఎందుకు వదినా అన్నాడు. కాసేపు రెంచి చప్పుడు.

"వదినా, మీ బల్లకి సీసాలు వచ్చాయా?"

"వచ్చాయి."

"నాది వచ్చిందా?"

"నంబర్లొస్తాయి. ఎవరిదేదో నాకేం తెలుసు."

అవునవును, అడక్కూడదు, సారీ అన్నాడు సింకు కింద నుంచి. బయటికొచ్చి కుళాయి తిప్పి కట్టాడు, చుక్క కారలేదు. ఎలా ఉంది మా పనితనం అన్నట్టు కనుబొమ్మలెగరేశాడు. నేను బాగుందన్నాను. అప్పుడు నాకు నోరు పెగలకపోవడానికి కోపం కారణం కాదు. కోపం అప్పటికే చల్లారింది. ఇప్పుడు చెప్తే, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటాడు, అదీ భయం. కక్కలేక మింగలేక రోజులు గడిపాను. రోజులు గడిచేకొద్దీ చెప్పడం ఇంకా కష్టమైపోయింది.

మీటింగులో పెద్దసారు ఒక్కొక్క నంబరూ చదివి, కెమిస్టు అంకె, కొలిచినవాళ్ళ అంకె పక్కపక్కన చెప్పుకుంటూ పోయాడు. చంటి నంబరు దగ్గర ఆగి, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. చంటి వైపు తిరిగి, సెల్ మందం ఎలా తీసుకున్నావని అడిగాడు. ఆయన గొంతులో కోపం లేదు. డబ్బా మీద ఉన్నదేనండీ అన్నాడు చంటి. మూత మీద రాసింది కొలత కాదు నాయనా, అని ఆయన తర్వాతి నంబరుకి వెళ్ళిపోయాడు. డెబ్బై మూడు డిగ్రీల సంగతి ఎవరూ ఎత్తలేదు. తన లెక్కే సరిగ్గా చూసుకోనివాడి మాటని ఆ గదిలో ఇంక ఎవరు నమ్ముతారు. ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చారు.

బయట మంచినీళ్ళ మిషను దగ్గర నేను గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నాను. చంటి వచ్చాడు. వాడి మొహంలోకి చూడలేక గ్లాసులోకి చూస్తున్నాను.

"నా సీసా నీకే వచ్చిందా?"

తలూపాను.

"ఎంతకి తేటపడింది వదినా?"

ఇంకో అంకె చెప్పొచ్చు. నోటికి రాలేదు. ఎంతైనా నేను అంకెలు మార్చే మనిషిని కాదు.

"డెబ్బై మూడు."

వాడు గ్లాసు నింపుకుని నిదానంగా తాగాడు. "అంటే నీకు మొదట్నుంచీ తెలుసన్నమాట" అన్నాడు. అడిగినట్టు అనలేదు. గ్లాసు బోర్లించి, బల్ల సర్దుకోవాలని వెళ్ళిపోయాడు.

ఇంట్లో వాడు ఏం చెప్తాడోనని ఆ సాయంత్రమంతా వంటింట్లోంచే చెవులు రిక్కించి వింటూ ఉన్నాను. వాడేం చెప్పలేదు. తొందరపడి లెక్క తప్పేశానన్నయ్యా అన్నాడంతే. మా ఆయన వాడి వీపు మీద చెయ్యి వేసి, పోనీలేరా అన్నాడు. మేడ మీద ఇల్లు వద్దని కబురు పంపించాడు. ఆ తర్వాత ఇంట్లో ఎవరు పేరు పెట్టకుండా ఏమన్నా, గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేను ఉలిక్కిపడేదాన్ని. చంటి మాత్రం నాతో ఎప్పట్లాగే మాట్లాడాడు. జోకులు వెయ్యడం ఒక్కటే మానేశాడు. దూరాన ఒక రంగుల ఫ్యాక్టరీలో పని దొరికింది. అక్కడే గదిస్తారట, పండగలకీ పబ్బాలకీ కూడా సెలవులు తక్కువట. వినగానే ఒప్పేసుకున్నాడు.

బయల్దేరే రోజు మధ్యాహ్నం ముగ్గురం భోజనానికి కూర్చున్నాం. పెట్టె గుమ్మం దగ్గర ఉంది. వాడికి ఇష్టమైన కూర చేశాను. మా ఆయన కలుపుతున్నాడు గానీ తినడం లేదు. నా పక్క బల్లావిడ ముందు రోజు షాపుకి కళ్ళజోడు బిగించుకోవడానికి వెళ్ళిందట. నన్ను పొగడబోయి కట్టుబాటు సంగతి చెప్పిందట, పోల్చుకుంటే పక్కకి ఇచ్చేస్తాం, మీ ఆవిడ ఆ విషయంలో మహా ఖచ్చితం అని. అదంతా ఆయనే చెప్పాడు.

"ఒక్కటి అడుగుతాను, తప్పుగా అనుకోకు. ఆ రోజు భోజనాల దగ్గర వీడేదో డిగ్రీలు చెప్పాడు కదా. మరి ఆ సీసా వీడిదని నీకు తెలియలేదా?"

నా చేతిలో గరిటె ఉంది. చెప్పేద్దామనే నోరు తెరిచాను. నిజంగానే చెప్పేద్దామనుకున్నాను, నమ్మితే నమ్మండి.

"వదినకెలా తెలుస్తుందన్నయ్యా" అన్నాడు చంటి, కంచంలోంచి తల ఎత్తకుండా. "వేడి చూసేది వేరేవాళ్ళు. వదిన దగ్గరికి ఒట్టి నంబరే వస్తుంది."

మా ల్యాబులో వేడి చూసేవాళ్ళు వేరే ఎవరూ లేరు. ఆ సంగతి వాడికి తెలుసు, నాకు తెలుసు. మా ఆయనకి తెలియదు. ఆయన మొహంలో బరువు దిగిపోవడం నా కళ్ళముందే కనిపించింది. కూర కొంచెం వెయ్యి వదినా అని చంటి కంచం ముందుకి జరిపాడు, వేశాను.

మా ఆయన నా వైపు తిరిగాడు. నీ గురించి అలా ఎలా అనుకున్నానో, నా బుద్ధి గడ్డి తింది, మనసులో పెట్టుకోకు, అన్నాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"పర్లేదులెండి" అన్నాను. ఆయన్ని నేను క్షమించాను.